మూసిన తలుపులు: ఒక ఆటను మరల ఆడిన పాఠము

విద్యార్థులారా! ఒకమారు చదివిన పాఠమును కొన్ని యేండ్ల పిమ్మట మరల చదివినచో, పుస్తకము మారకున్నను అర్థము మారుట మీ రెఱిగినదే. ఆటలకును ఈ మాట వర్తించునా యని మీ రడుగవచ్చును. వర్తించునని నా యనుభవము. ఒక వీడియో ఆటను దృష్టాంతముగా గైకొని యా సంగతి వివరించెదను.

ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరపు అసోబో స్టూడియోవారు తయారు చేసిన 'ఏ ప్లేగ్ టేల్: ఇన్నొసెన్స్' అను ఆట 2019 మే 14వ తేదీన వెలువడెను. ఇందు ముఖ్యమైన పని పోరాడుట గాదు. చాటుమాటున నడచి, శత్రువుల కన్నుగప్పి, కథను దరిజేర్చుట. కథాకాలము 1348. ఆ యేండ్లలో ప్లేగు ఐరోపా జనులలో మూడవ వంతునకు దక్కువ గాకుండ హరించెనని చరిత్రకారుల యంచనా.

కథానాయిక అమీసియా పదునైదేండ్ల బాలిక. తమ్ముడు హ్యూగో అయిదేండ్లవాడు, పుట్టు రోగి. తల్లి వానిని వేఱుగ నుంచి చికిత్స చేయుచుండుటచే, ఒక్క యింటనే యున్నను అక్కయు తమ్ముడును ఒకరినొకరు సరిగా నెఱుగరు. మతవిచారణాధికారుల భటులు ఇంటిపై బడి తండ్రిని చంపగా, పిల్లలిద్దరును పారిపోవుదురు. అక్క చేతిలో నున్న యాయుధము ఒడిసెల. మన జొన్నచేలలో మంచె యెక్కి పిట్టలను దోలు ఒడిసెల వంటిదే యది.

ఈ యాటలో రెండు నియమములు గమనింపదగినవి. మొదటిది: తమ్ముని చేయి పట్టుకొని నడువవలెను. పనిబడి వానిని ఒంటరిగా నిలిపి దూరము పోయినచో వాడు భయపడి కేకలు వేయును, శత్రువులు వినుదురు. రెండవది: వేలకొలది ఎలుకలు మనుష్యులను దినివేయును గాని వెలుతురునకు వెఱచును. కావున దివిటీయే ప్రాణము. శత్రువు చేతి దీపము నార్పినచో, మన చేయి వానిపై బడకుండనే వాడు చచ్చును.

2019 వేసవి సెలవులలో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అక్కగారి యింట, కళాశాలలో చదువుచున్న మేనల్లునితో గూడి నేనీ యాట నాడితిని. త్వరగా ముగింపవలెనను తొందర తప్ప మాకు వేఱొక తలంపు లేదు. ఒక గ్రామములో ఇంటింటి తలుపులు మూసియుండును. పిల్లలు వేడినను ఎవరును దీయరు. "ఎంత కఠినాత్ములు, మామయ్యా!" యని వాడనెను. నిజమేనంటిని.

మరుసటి యేట కరోనా వచ్చినది. 2020 మార్చిలో నిలిచిన మెట్రో బండ్లు సెప్టెంబరు 7వ తేదీ వరకు కదలలేదు. ఎల్.బి.నగర్‌లో మా వీధియందు ఒక యింటివారందఱు జబ్బుపడిరి. వారి చిన్న పిల్లవాడొకడు మా గుమ్మము ముందు నిలిచి, "సార్, మంచినీళ్ల క్యాను తెప్పించి యిత్తురా?" యని యడిగెను. నేను కిటికీ చాటునుండియే, "దుకాణమునకు ఫోను చేయుము, నాయనా" యని చెప్పి కిటికీ మూసితిని. ఆ యింటివారందఱు కోలుకొనిరి. ఆ బాలుడు మాత్రము నేటికిని నన్ను జూచిన తల వంచుకొని పోవును. తల వంచుకొనవలసినవాడను నేను.

ఇటీవల ఆ యాటనే మరల నాడితిని. ఆ గ్రామపు తలుపుల ముందు నా చేతులు నిలిచిపోయినవి. లోపలివారు కఠినాత్ములు గారు, భయపడినవారు. వారిలో నేనొకడను. ఆ యూరనే ఒక ముదుసలి పిల్లలకు ఆశ్రయ మిచ్చును. మొదటిమారు ఆమె నాకు గుర్తే లేదు. అక్కడనే అమీసియా తన్ను జంపవచ్చిన వానిని ఒడిసెలతో గొట్టి చంపును. అప్పుడు మేము చప్పట్లు గొట్టితిమి. ఇప్పుడు ఆ బాలిక వణకు నాకు వినవచ్చినది. పిదప దీపము లార్పవలసి వచ్చినపుడెల్ల, 'వేఱు దారి లేదా?' యని వెదకితిని. కొన్ని తావుల గలదు.

ఒక హెచ్చరిక. కథలోని ఎలుకలు కల్పితములు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగున అలెగ్జాండర్ యెర్సిన్ కనిపెట్టెను. ఎలుకల నంటియుండి రక్తము పీల్చు చిన్న పురుగులే దానిని వ్యాపింపజేయునని 1898లో కరాచీయందు పాల్ లూయి సిమోన్ చూపెను. అంతకు ముందే, 1897లో బొంబాయియందు హాఫ్‌కిన్ తాను సిద్ధపఱచిన టీకాను మొదట తన యొడలిమీదనే పరీక్షించుకొనెను. మఱియు ఈ యాట రక్తపాతముతో నిండినది. ఐరోపాలో 18 యేండ్లు నిండినవారికే తగినదని నిర్ణయించిరి. కావున మీరు దీని నిప్పుడు ఆడవలదు. కథ నెఱిగిన జాలును.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్‌కు పోవు మెట్రోదారిలో విక్టోరియా మెమోరియల్ అను స్టేషను గలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున దిక్కులేని పిల్లలకై తెఱచిన ఆశ్రమము పేరది. నిత్యము ఆ పేరు వినుచునే పోవుచుంటిమి. తెఱచిన తలుపు మన త్రోవలోనే యున్నది.

మొన్న ఆ బాలుని యింటికి నేనే పోయి, నా తప్పు ఒప్పుకొంటిని. వాడు, "లోపలికి రండి, సార్" అనెను.

అభ్యాసము

1. హ్యూగోను ఒంటరిగా విడిచిన నేమగును? మీ యింట చిన్నవారి విషయమున దీనిని అన్వయింపుడు.
2. భయమునకును కఠినత్వమునకును భేదమేమి?
3. మీరు మరల చదువగోరు కథ యేది? ఎందువలన?