మటియాబుర్జ్ – మాయమైన రాజవిడిది

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మటియాబుర్జ్ రాజవిడిది ఎలా ఏర్పడిందో, ఎందుకు అంతరించిందో చెప్పగలుగుతారు.
• కట్టడాలు మిగలని చోట చరిత్రను ఎలా తెలుసుకోవచ్చో వివరించగలుగుతారు.

1. పరిచయం

మీ ప్రాంతంలో కోటదిబ్బ, తోటవీధి వంటి పేర్లు వినే ఉంటారు. అక్కడ ఇప్పుడు కోట ఉండదు, తోట ఉండదు. పేరు మాత్రం నిలిచి ఉంటుంది. అటువంటి చోటు ఒకటి కలకత్తాలో ఉంది. బడ్జ్ బడ్జ్ నుండి హుగ్లీ నది వెంట నగరం వైపు వస్తే, అదే ఒడ్డున మటియాబుర్జ్ కనిపిస్తుంది. ఆ పేరుకు అర్థం మట్టి బురుజు.

2. విడిది ఎలా ఏర్పడింది?

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ, పరిపాలన బాగులేదనే సాకుతో అవధ్ రాజ్యాన్ని కలుపుకున్నది. లండన్ వెళ్లి మొరపెట్టుకోవాలని రాజు వాజిద్ అలీ షా లక్నో విడిచి, మే నెలలో కలకత్తా చేరాడు. ఆయన అక్కడే ఆగిపోగా, తల్లి లండన్ వెళ్లింది. ఫలితం లేకపోయింది. ఆమె 1858లో పారిస్‌లో మరణించింది. 1857 తిరుగుబాటు సమయంలో రాజును ఫోర్ట్ విలియం కోటలో నిర్బంధించారు. 1859లో విడుదలైన తరువాత ఆయన మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు.

ప్రభుత్వం ఆయనకు ఏటా 12 లక్షల రూపాయల భరణం ఇచ్చింది. ఆ డబ్బుతో ఆయన పోగొట్టుకున్న లక్నోను నది ఒడ్డున మళ్లీ కట్టుకున్నాడు. భవనాలు, తోటలు, జంతుశాల వెలిశాయి. పాముల కోసం ప్రత్యేకంగా ఒక గుట్ట కట్టించాడు. వంటవాళ్లు, దర్జీలు, గాయకులు, నర్తకులు అక్కడ చేరారు.

3. ఎందుకు అంతరించింది?

1887 సెప్టెంబరులో రాజు మరణించాడు. ఆ భరణం ఆయన జీవితకాలానికే పరిమితం. ఆస్తులు, జంతువులు అమ్ముడుపోయాయి. భవనాలు ఒక్కొక్కటిగా పోయాయి. గార్డెన్ రీచ్ నదీతీరంలో తరువాత కొత్త ఓడల రేవు తెరిచారు. ఒక్క మనిషి ఆదాయం మీద నిలిచిన వైభవం ఆ మనిషితోనే ముగిసింది.

ఫ్రాన్సులో 14వ లూయీ రాజు 1679 నుండి కట్టించిన మార్లీ విడిదిని కూడా విప్లవం తరువాత కూల్చివేశారు. అయితే అక్కడ ఉద్యానవనం మిగిలింది. ఇక్కడ తోటలు పోయాయి, మనుషులు మిగిలారు.

4. మనకు ఎలా తెలుసు?

(అ) కట్టడం: 1864లో కట్టిన సిబ్తైనాబాద్ ఇమాంబారా ఇప్పటికీ ఉంది. రాజు సమాధి అందులోనే ఉంది.
(ఆ) రచన: బాల్యం అక్కడ గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ ఆ భవనాలను, జంతుశాలను వర్ణించాడు.
(ఇ) జనవాక్యం: కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప వేయడం ఈ రాజు వంటశాలలో మొదలైందని అంటారు. నేటి మటియాబుర్జ్ పేరున్న దుస్తుల కేంద్రం. అక్కడి కుట్టుపనికి మూలం నాటి దర్జీలేనని చెప్పుకుంటారు.

మొదటి రెండింటిని పరిశీలించి చూడవచ్చు. మూడవదాన్ని విని గుర్తుపెట్టుకోవాలి, కాని ఇతర ఆధారం దొరికేవరకు నిజమని తేల్చకూడదు.

పాఠగత ప్రశ్నలు

1. వాజిద్ అలీ షా కలకత్తా ఎందుకు వచ్చాడు?
2. మార్లీకి, మటియాబుర్జ్‌కు గల పోలిక, తేడా ఒక్కొక్కటి రాయండి.
3. మీ ప్రాంతంలో మాయమైన ఒక కట్టడం గురించి పెద్దలను అడగండి. వారు చెప్పినదానిలో ఆధారం ఉన్నదేదో, వినికిడి మాట ఏదో వేరుచేసి రాయండి.