అన్నమంటే భయం



మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి మన సముద్రతీర పల్లెలలో గడప తొక్కిన వారిని మొదట అడిగే మాట "అన్నం తిన్నావా?" అనే. చేపల పులుసుకు పేరుపడ్డ ఈ జిల్లాలో అన్నమంటే భయపడే జబ్బొకటి ఉన్నదంటే నమ్మబుద్ధి కాదు. అయినా, పట్నం హాస్టళ్లకు బిడ్డలను పంపిన తలిదండ్రులు దీనిని గురించి తెలుసుకొనడం అవసరం.

ఈ జబ్బు కొత్తది కాదు. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ దీనికి 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టారు. తిండి తగ్గించుకుంటూ పోయి, ఎముకల గూడైనా తినలేకపోవడం దీని లక్షణం. 1979లో జెరాల్డ్ రస్సెల్ 'బులీమియా'ను వివరించారు. అదుపు తప్పి తినడం, ఆపైన భయపడి కక్కుకోవడం దాని తీరు. మాటిమాటికీ కక్కుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు.

ఇది దొరల జబ్బు, మనకు రాదు అనుకోరాదు. ఫిజీ దీవులలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడానికి కక్కుకుంటున్నామని చెప్పిన విద్యార్థిని అప్పుడు ఒక్కతె లేదు. 1998లో మళ్లీ అడిగితే నూటికి పదకొండుమంది అవునన్నారు. నేడు మన బిడ్డల చేతిలో టీవీకి బదులు ఫోను ఉన్నది.

అందరిలోనూ ఇది ఒకే రూపంలో కనబడదు. 1995లో ఢిల్లీ వైద్యులు ఐదుగురు యువతులను గురించి వ్రాశారు. వారు తిండి మానారు, చిక్కిపోయారు. కాని లావైపోతామన్న భయం వారిలో కనబడలేదు. మన ఇండ్లలోనూ బిడ్డ "ఆకలి లేదు, కడుపు ఉబ్బరం" అంటుంది. మనం గ్యాసు బిళ్లలిస్తాం, దిష్టి తీస్తాం, నెలలు గడచిపోతాయి. మగపిల్లల సంగతి మరీ కష్టం. ఇది ఆడవారి జబ్బని పేరుపడినందువల్ల వారు నోరు విప్పరు.

పేదింటి బిడ్డకు మరో చిక్కున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నది. కనుక చిక్కిన పిల్లను చూస్తే "రక్తం తక్కువ" అని సరిపెట్టుకుంటాము. సన్నబడాలని టిఫిను మానే కలవారి బిడ్డ, మెస్ బిల్లు మిగలాలని మానే జాలరి బిడ్డ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రెండవ బిడ్డది లేమి, జబ్బు కాదు. అయితే ఆకలి మనసును కూడా మారుస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టి చూశారు. వారికి తిండి ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోయింది. దిగులు పట్టుకుంది. తిరిగి కడుపునిండా పెట్టినాక కొందరు అదుపు లేకుండా తిన్నారు.

ఈ గుర్తులను గమనించండి: మూడు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గడం, భోజనం కాగానే స్నానాలగదికి పోవడం, నలుగురితో కలసి తినకపోవడం, బక్కచిక్కినా "లావుగా ఉన్నాను" అనడం, నెలసరి ఆగిపోవడం. ఇవి కనబడితే తిట్టకండి, రూపాన్ని ఎగతాళి చేయకండి. చాలా చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా బలవంతంగా పెట్టడమూ ప్రమాదమే. వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలి. మానసిక వైద్యుని కలవడం సిగ్గుపడవలసిన పని కాదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా తపస్సుకాలపు ఉపవాసం మాట. శ్రీసభ చట్టం ఉపవాసాన్ని 18 ఏండ్లు నిండినవారికే విధించింది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అనే ఆ రెండు దినాలలోనూ ఒక పూట నిండు భోజనం ఉన్నది. రోగులకు ఆ నియమం లేదు. భక్తి పేరుతో బిడ్డ వారాల తరబడి తినకపోతే మెచ్చుకొనక, ఎందుకని మెల్లగా అడగండి. పన్నెండేండ్ల యాయీరు కుమార్తెను లేపిన వెంటనే ప్రభువు ఆ ఇంటివారికి చెప్పినది, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమనే కదా!