కమాన్ కట్టకు మరో పట్టీ వేయించాలా?

ప్రశ్న: మాది పాతపట్నం. పాత ఫోర్స్ ట్రావెలర్‌లో మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. పర్లాకిమిడి దాటి కొండదారిలో వెళ్తుంటే వెనక భాగం ఎత్తేస్తోంది. కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయించమంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. పట్టీ పెంచితే బరువు మోస్తుంది గానీ కుదుపు తగ్గదు. బండి తేలిగ్గా ఉన్నప్పుడు ఇంకా గట్టిగా కొడుతుంది.

ముందు ట్యాంకు నింపి, సామాను సర్ది, వేబ్రిడ్జి మీద వెనక చక్రాల బరువు విడిగా తూయించండి. 100 లీటర్ల నీళ్లంటేనే 100 కిలోలు. కంపెనీ చెప్పిన పరిమితి దాటితే సామాను తగ్గించడమే మందు.

బరువు సరిపోతే టైర్లలో గాలి, షాకిల్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు చూపించండి. నూనె కారుతున్న షాక్‌లను జతగా మార్చండి. పట్టీల తుప్పు గీకించండి. చాలా బళ్లకు ఇంతే చాలు.

అప్పటికీ వెనక కూర్చుండిపోతుంటే గాలి బ్యాగులు పెట్టించవచ్చు. ఎత్తు నిలుస్తుంది, ఇరుసు మోయగల బరువు మాత్రం పెరగదు.

కట్ట విప్పితే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి. కంపెనీ అమరికను మార్చేముందు రవాణా కార్యాలయంలో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇష్టానుసారం మార్పులను ఒప్పుకోదు.