దేహంలోని తులాదండాలు

హైదరాబాదు నుండి బీజాపూర్ వెళ్ళే రహదారిపై మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగే ప్రయాణికునికి మర్రిచెట్ల వరుసలు, వాటి వెనుక కూరగాయల మడులు, పూలతోటలు కనిపిస్తాయి. రంగారెడ్డి జిల్లాలోని ఈ మండలాలలో పండిన టమాట, క్యారెట్, చామంతి, గులాబి నగరంలోని మెహిదీపట్నం రైతుబజారుకు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు చేరుతుంటాయి. మడి నుండి బజారుకు చేరేలోగా ఆ పంట ఎన్ని చేతుల మీదుగా, ఎన్ని నడుముల మీదుగా సాగుతుందో ఆలోచించేవారు అరుదు. ఆ చేతులలో, ఆ నడుములలో పనిచేసే యంత్రమేదో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

మోటారు పంపులు రాకముందు మన రైతులు ఏతంతో నీరు తోడేవారు. నిలువు స్తంభంపై అడ్డంగా అమర్చిన దూలం, ఒక కొసన నీటి బాన, మరొక వైపున మనిషి బరువు. ఇదే తులాదండం. దూలం ఆనిన చోటు ఆధారబిందువు, నీరు భారం, మనిషి ప్రయోగించేది బలం. భారాన్ని, ఆధారబిందువు నుండి దానికి గల దూరంతో గుణించగా వచ్చే విలువ, బలాన్ని దాని దూరంతో గుణించగా వచ్చే విలువకు సమానమైనప్పుడు దూలం సమతూకంలో నిలుస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు శాస్త్రజ్ఞుడైన ఆర్కిమెడీస్ నిరూపించిన సూత్రమిది. గడ్డపారతో బండను కదిలించే కూలీకి ఆ సూత్రం పేరు తెలియకపోవచ్చు గాని, పొడవైన గడ్డపారను ఎన్నుకోవడం మాత్రం తెలుసు.

మన శరీరంలో ఎముకలు దండాలు, కీళ్లు ఆధారబిందువులు, కండరాలు బలాన్నిచ్చేవి. కండరం లాగగలదే గాని నెట్టలేదు. అందుచేత ఒక కండరం చేసిన పనికి విరుద్ధమైన పని చేయడానికి మరొకటి ఉండాలి. ద్విశిర కండరం ముంజేతిని మడిస్తే, త్రిశిర కండరం చాపుతుంది.

పది కిలోల పూలబుట్టను మోచేయి లంబకోణంలో మడిచి పట్టుకొన్నామనుకొందాం. బుట్ట మోచేతి కీలుకు సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ద్విశిర కండరపు స్నాయుబంధకం ముంజేతి ఎముకకు అతుక్కొన్న చోటు మాత్రం కీలు నుండి సుమారు 4 సెంటీమీటర్లే! కనుక ముంజేతి బరువును లెక్కలోకి తీసుకోకుండానే, మడిచే కండరాలు దాదాపు 88 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగవలసి ఉంటుంది. కండరాలు తాము మోసే బరువుకన్న ఎన్నోరెట్లు అధికంగా శ్రమిస్తాయని ఇటలీ దేశస్థుడు బొరెల్లీ 17వ శతాబ్దంలోనే గణించి చూపాడు. ఆయన మరణానంతరం 1680, 1681 సంవత్సరాలలో ఆ గ్రంథం వెలువడింది.

ఇది లోపభూయిష్టమైన నిర్మాణమని తోచవచ్చు. కాని కండరం ఒక్క సెంటీమీటరు కుంచించుకొంటే చేయి దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు కదులుతుంది. ప్రకృతి బలంలో పొదుపును విడిచి వేగాన్ని ఎన్నుకొన్నది. చామంతి మొక్క నుండి మొక్కకు మెరుపులా కదిలే చేయి ఆ ఎన్నికకు ఫలితమే.

పాదం విషయం మరింత విచిత్రమైనది. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక తీరిన భక్తులు 108 ప్రదక్షిణలు చేస్తారు. ప్రతి అడుగులోనూ మడమ పైకి లేస్తుంది. కాలివేళ్ల మొదలు ఆధారబిందువు, చీలమండపై శరీరభారం, మడమను లాగే పిక్క కండరం బలం. బలానికి దూరమెక్కువ కనుక శ్రమ తక్కువని వ్రాయడం పరిపాటి. అది పూర్తిగా సరికాదు. పిక్క కండరపు పై కొస మన కాలికే అతుక్కొని ఉన్నందున, మడమను ఎంత బలంతో పైకి లాగుతుందో అంతే బలంతో కాలిని క్రిందికి లాగుతుంది. ఆ అదనపు భారాన్ని కలిపితే, ఒంటికాలి మునివేళ్లపై నిలిచినవాని పిక్క అతని బరువుకు రెట్టింపు బలాన్నైనా ప్రయోగించవలసి వస్తుంది.

ఇక నడుము. ముందుకు వంగి 20 కిలోల టమాట క్రేటును ఎత్తే మనిషిని పరిశీలించండి. వెన్నుపూస ఆధారబిందువు. క్రేటు దానికి 40 సెంటీమీటర్లు ముందున్నదనుకొంటే, వెన్నును నిలబెట్టే కండరాలు వెనుకవైపు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అనగా క్రేటు కోసమే 160 కిలోల బరువుకు సమానమైన లాగుడు అవసరం. శరీర బరువులో సగానికి పైగా ఉండే తల, చేతులు, మొండెం కూడా ముందుకే వాలి ఉన్నందున ఆ భారం దీనికి అదనం. ఈ ఒత్తిడినంతా డిస్కులని వ్యవహరించే మృదులాస్థి చక్రికలు భరించాలి. కలుపు తీసేవారు, క్యారెట్ పెరికేవారు వట్టి చేతులతో వంగినా నడుము పట్టేయడానికి కారణమిదే. వారిని సోమరులని నిందించేవారు ఒక్క పూట వంగి చూడవలసి ఉంటుంది.

క్రేటును 20 సెంటీమీటర్ల దూరానికి, అనగా పొట్టకు ఆనించేటంత దగ్గరకు తెచ్చుకొంటే ఆ 160 కిలోలు 80కి తగ్గుతాయి. మోకాళ్లు వంచి కూర్చొని ఎత్తమని వైద్యులు చెప్పడంలోని ఆంతర్యం ఈ దూరం తగ్గించడమే. తలపై చుట్టకుదురు పెట్టి గంప మోసే స్త్రీ విషయంలో బరువు తిన్నగా వెన్ను మీదుగా నేలకు దిగుతుంది. మెడ నొక్కుకుపోయినా, నడుముకు ముందుకు లాగే భారం దాదాపు ఉండదు. గంపను నేల నుండి తలకు ఎత్తే ఆ కొద్ది క్షణాలే కష్టమైనవి. అందుకే పొలంలో గంప నిండగానే ఆమె ప్రక్క సాలులోని మనిషిని పిలుస్తుంది. ఇద్దరూ చెరొక వైపు చేయి వేసి ఎత్తుతారు.