నలుసా, పిట్టా?

మన డిపార్ట్‌మెంట్ గ్రూప్ ఫొటోలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లగోడ ముందు నిలబడి తీయించుకున్నవి. కుడివైపు పైన మూడు బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. ఫస్ట్ ఇయర్ వాళ్ల ఫొటోలోనూ అక్కడే, మేడమ్‌లు కూర్చున్న ఫొటోలోనూ అక్కడే. గోడ మీద మరకలు అని చాలామంది అనుకున్నారు. అయితే వేపచెట్టు కింద నిలబడి తీసుకున్న ఫొటోలో ఆకాశం మీద కూడా అవే మూడు చుక్కలున్నాయి! గోడ మరక ఆకాశంలోకి ఎగిరి పోదు కదా.

అవి కెమెరా లోపల పడ్డ నలుసులు. ఈ సంగతి తెలియక పోయిన పొంగల్ సెలవుల్లో నేనొక పక్షిని పోగొట్టాను. ఈ పాఠం నేర్చుకున్నది అట్లా.

మాది కోవిల్‌పట్టి. అక్కడి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా బస్సులో పోతే కిటికీకి రెండు పక్కలా నల్లరేగడి నేలే ఎక్కువ. తమిళంలో కరిసల్ అంటారు. ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ గారు ఈ నేల గురించే రాశారు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. ఇక్కడికి వలస వచ్చిన తెలుగువాళ్ల సంతతి కథ అయిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ మట్టి వానకు చెప్పుల్ని పట్టుకుంటే వదలదు. ఎండితే బీటలు వారుతుంది, పైపొర పౌడరులా లేస్తుంది. కెమెరా ఉన్నవాళ్లకు ఈ రెండు గుణాలూ గుర్తుండాలి.

తమిళనాడులో ప్రతి జనవరిలో పొంగల్ పక్షుల లెక్క జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు ఉండి, చూసిన పక్షులన్నిటినీ లెక్కపెట్టి నమోదు చేయాలి. మా మామ దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ అడిగి తీసుకుని, విరుదునగర్ నుంచి వచ్చిన మా చిన్నమ్మ కూతురు అక్కతో కలిసి బయల్దేరాను. తెల్లవారుజామున ముందు కళుగుమలై ఎక్కాం. కళుగు అంటే గద్ద, రాబందు. పేరులోనే పక్షి ఉన్న కొండ. అక్కడ రాతిమీద చెక్కిన జైన శిల్పాల్ని ఎఫ్ 16 పెట్టి తీశాను. ఆ తర్వాత గాలి తోసేస్తుంటే అక్కడే నిలబడి, మూత పైకి పెట్టి, చిన్న లెన్స్ తీసి 70-300 లెన్స్ తగిలించాను. తప్పు అక్కడ జరిగింది.

దిగి వచ్చేటప్పుడు చేలల్లో తీగల మీద పాలపిట్టలు, గొడ్ల వీపుల మీద పసుల పోలిగాళ్లు కనబడ్డాయి. ఎండ బాగా వచ్చాక హ్యారియర్లు కనబడ్డాయి. ఇవి గద్దల జాతే. మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి మన పొలాలకు వస్తాయి. రెక్కలు కాస్త పైకెత్తి, పంట మీద తక్కువ ఎత్తున తేలుతూ మిడతల్నీ చిన్న పిట్టల్నీ వెతుక్కుంటాయి. నలభై దాకా ఫొటోలు తీశాను. ఎఫ్ 16 మార్చడం మరిచిపోయాను. లెక్కలో మూడు అని రాశాం.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఫొటోలో మూడు చుక్కలు. దుమ్మని అర్థమైంది, తుడిచే టూల్‌తో అన్నిట్లోనూ తుడిచాను. నాలుగైదు ఫొటోల్లో ఎడమవైపు నాలుగో చుక్క ఉంది. అది ఒక్కో ఫొటోలో కాస్త పక్కకు జరిగింది. నేను ఆగి ఆలోచించలేదు, దాన్నీ తుడిచాను. అదే పేరుతో సేవ్ చేసి కార్డు ఖాళీ చేశాను. అక్క పొలంలోనే కెమెరా తెరను తన ఫోన్‌లో ఫొటో తీసుకుని ఉంది. రాత్రి దాన్ని పెద్దది చేసి చూపించి, "ఏమే, ఇది దుమ్మా? రెక్కలుండాయి చూడు" అంది. నాలుగో హ్యారియర్ అది.

ఇంతకీ కెమెరాలో ఏం జరుగుతుంది? సెన్సర్ ముందు పల్చటి గాజు పొర ఉంటుంది. నలుసు దాని మీద కూర్చుంటే సెన్సర్ మీద నీడ పడుతుంది. మామూలుగా ఇటువంటి కెమెరా సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, అందులో అడ్డంగా 6000 పిక్సెళ్లుంటాయి. అంటే సగం వెంట్రుక మందం ఉన్న నలుసు కూడా పది పిక్సెళ్లను కప్పేస్తుంది. ఒంటి బల్బు దగ్గర చెయ్యి పెడితే గోడ మీద నీడ గీసినట్టు పడుతుంది, మబ్బు పట్టిన పగలు అసలు పడదు. కెమెరాలోనూ అంతే. 300 లెన్స్‌లో ఎఫ్ 16 అంటే కాంతి వచ్చే రంధ్రం 19 మిల్లీమీటర్లు, ఎఫ్ 5.6 అంటే 54 మిల్లీమీటర్లు. చిన్న రంధ్రం పెట్టినప్పుడు నలుసు నీడ నల్లగా తేలుతుంది, పెద్దది పెడితే చెదిరి కనబడకుండా పోతుంది. పక్షుల్ని తీసేవాళ్లు ఎక్కువగా ఎఫ్ 5.6, ఎఫ్ 8లో తీస్తారు కాబట్టి చాలా రోజులు దుమ్ము ఉన్నట్టే తెలియదు.

ఫిల్మ్ రోజుల్లో ఈ బాధ వేరుగా ఉండేది. 1912లో తిరునెల్వేలిలో పుట్టిన ఎం. కృష్ణన్ గారు నలుపు తెలుపుల్లో అడవి జంతువుల్ని తీశారు. ఫిల్మ్ కెమెరాలో ప్రతి ఫొటోకు కొత్త ఫిల్మ్ ముక్క ముందుకు జరుగుతుంది, దాని మీది దుమ్ము దానితో పాటే పోతుంది. సెన్సర్ కదలదు. అందుకే నలుసు వెయ్యో ఫొటోలోనూ అక్కడే ఉంటుంది.

దుమ్మును పట్టుకునే దారి కూడా అదే. రెండు మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. చుక్క ఫ్రేములో అదే చోట ఉంటే దుమ్ము, జరిగితే బయటిది. ఇంకా అనుమానమైతే ఐఎస్ఓ తగ్గించి, ఎఫ్ 22 పెట్టి, ఫోకస్ కావాలని చెడగొట్టి, ఖాళీ ఆకాశాన్ని తీయండి. నలుసులన్నీ బయటపడతాయి. ఆ ఫొటోను దాచుకోండి. నేనిప్పుడు బయల్దేరే ముందు ఒకటి తీసి ఉంచుకుంటున్నాను. తుడిచేటప్పుడు దాంట్లో లేని చుక్క జోలికి పోను.

శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. కెమెరాలోనే సెన్సర్ ముందున్న పొరను వణికించి దులిపే ఏర్పాటు ఉంటే ముందు అది వాడాలి. 2003లో ఒలింపస్ ఈ-1తో వచ్చిన పద్ధతి ఇది. పోకపోతే బ్యాటరీ నిండా ఉంచుకుని, మెనూలో క్లీనింగ్ పెట్టి అద్దం పైకి లేపి, కెమెరా నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాలి. నోటితో ఊదకూడదు, తుంపర పడితే మరక అవుతుంది. డబ్బాలో వచ్చే గాలి స్ప్రే కూడా వద్దు. నలుసు ఎక్కడుందో చూడాలంటే, ఫొటోలో పైనున్నది సెన్సర్ మీద కింద ఉంటుంది. ఎదురుగా చూస్తే కుడి ఎడమలు మారవు.

తడి స్వాబ్ చివరి మాట. బ్లోయర్ వాడకుండా నేరుగా తడి పెడితే మన కరిసల్ మట్టి చెప్పుకు అంటుకున్నట్టే గాజుకు అంటుకుంటుంది, ఇసుక రేణువు ఉంటే గీత పడుతుంది. సెన్సర్ కొలతకు సరిపోయే స్వాబ్‌తో ఒక వైపుకు ఒక్కసారే లాగాలి. ధైర్యం చాలకపోతే సర్వీసు వాళ్లకు ఇవ్వడం మేలు. నేను మామ కెమెరాను వాళ్లకే ఇచ్చాను. ఇంత చెప్పి, చేసింది అది!

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, గాలికి వీపు తిప్పి, నోరు కిందికి పెట్టి మార్చాలి. తగిలించే లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి పెట్టుకోవాలి. పొలంలో అయితే అసలు మార్చకపోవడమే మంచిది.

అక్క ఫోన్ ఫొటో జతచేసి మా లెక్కను మూడు నుంచి నాలుగుకు దిద్దాం. ఆ నాలుగోది ఏ జాతో చెప్పలేం కనుక ఉత్త హ్యారియర్ అనే రాశాం.

మన డిపార్ట్‌మెంట్ కెమెరాకు మేడమ్ అనుమతితో బ్లోయర్ కొట్టాను. మూడిట్లో రెండు పోయాయి, ఒకటి అంటుకుని ఉంది. దానికి స్వాబ్ కావాలి. అప్పటిదాకా గ్రూప్ ఫొటోలు ఎఫ్ 5.6లో తీయండి. రెండు వరసలు మించి నిలబడితే ఎఫ్ 8 పెట్టండి, చుక్క కాస్త మసగ్గా వస్తుంది.