ఒంగోలు జాతికి ఒక్క ఆబోతు చాలదు

జాతి స్వచ్ఛత అనగానే మనలో చాలామందికి జూలో పులులే గుర్తొస్తాయి. మాది ప్రత్తిపాడు కాబట్టి నాకు ముందు ఒంగోలు గిత్త గుర్తొస్తుంది. రెండిటి లెక్కా ఒకటే.

ముందు పులి సంగతి. 1951లో రీవా అడవుల్లో మోహన్ అనే తెల్లపులి పిల్లను పట్టుకున్నారు. దాన్ని మామూలు పులితో జతకడితే తెల్లపిల్లలు పుట్టలేదు. చివరికి దాని సొంత కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో తెల్లపిల్లలు పుట్టాయి. రంగు నిలిచింది, వైవిధ్యం తగ్గింది. మేనరికాలు తరతరాలుగా జరిగితే వచ్చే ఇబ్బందే ఇది, ఇంకా తీవ్రంగా అన్నమాట.

ఇప్పుడు మన పశువులు. ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, తెల్లని ఒళ్ళు చూసి "అసలు ఒంగోలు" అంటాం. నాటు ఆవుకి మేలుజాతి ఆబోతుతో వరుసగా నాలుగు తరాలు దాటిస్తే లెక్క ప్రకారం 93.75 శాతం ఒంగోలు రక్తం వస్తుంది. కానీ నాలుగు తరాలకీ ఒకే ఆబోతు అయితే?

జన్యుశాస్త్రంలో "ప్రభావక సంఖ్య" అని ఒకటుంది. మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో హెచ్చించి, మొత్తం పశువుల సంఖ్యతో భాగించాలి. 100 ఆవులకి ఒక్క ఆబోతు ఉంటే 400/101, అంటే సుమారు 4. కంటికి 101 పశువులు, జన్యువుల లెక్కలో నాలుగే! అంతఃప్రజననం తరానికి దాదాపు 12.6 శాతం పెరుగుతుంది. పది ఆబోతులుంటే ఆ సంఖ్య 36 అవుతుంది, పెరుగుదల 1.4 శాతానికి పడిపోతుంది.

బ్రెజిల్‌లో మన ఒంగోలు సంతతి 'నెలోర్' పేరుతో కోట్లలో ఉంది. 1960ల మొదట్లో ఇక్కణ్ణించి వెళ్ళిన 'కరవది' అనే ఆబోతు రక్తం అక్కడి మందల్లో బాగా వ్యాపించింది. కృత్రిమ గర్భధారణతో ఒక్క మగపశువు వేల దూడలకి తండ్రి కావచ్చు. అందుకే తలల లెక్క చూసి ధైర్యపడకూడదు.

మన దగ్గర చిక్కు వేరు. పత్తి, మిరప చేలల్లోకి ట్రాక్టరు వచ్చాక కోడెదూడకి పని పోయింది. పాల కోసం జెర్సీ సూది వేయిస్తున్నారు. రైతుని తప్పుపట్టలేం, మేత ఖర్చు ఆయనదే కదా. బండలాగుడు పోటీల వల్ల కొన్ని మంచి గిత్తలు మిగులుతున్నాయి. కానీ పోటీలో గెలిచే రెండు మూడు వంశాలనే అందరూ కోరుకుంటే మళ్ళీ మొదటి లెక్కే.

గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతి మీద పరిశోధన జరుగుతోంది. ఫారం ఒక్కటే జాతిని మోయలేదు. ఊళ్ళల్లో వేర్వేరు వంశాల ఆబోతులు ఉండాలి, ఏ దూడకి ఏది తండ్రో రాసిపెట్టాలి, కొన్నేళ్ళకోసారి ఆబోతుని మార్చాలి. ఆ రాసిపెట్టే పనికి ఫోన్లో చిన్న యాప్ చాలు. ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్నవాళ్ళు ఒకసారి ఆలోచించండి.