చిన్న జాతి కుక్కల్లో కాలేయ వ్యాధి: బూజు పట్టిన గింజల పాత్ర

కోత అనంతరం గింజలలో పెరిగే బూజును మనం ధాన్యం నాణ్యతకు, ఎగుమతులకు సంబంధించిన సమస్యగా బోధిస్తాము. అది పెంపుడు కుక్క కాలేయాన్ని కూడా దెబ్బతీయగలదని నాకు తట్టినది మా ఇంటిలోనే. నాలుగు కిలోల మా పామరేనియన్‌కు జొన్న సంకటిలో వేరుశనగ పొడి కలిపి పెట్టేవారము. విత్తనానికి ఏరగా మిగిలిన ముడతలు పడిన, రంగు మారిన గింజలనే ఆ పొడికి వాడాము. కొన్ని వారాలకు అది తిండి మానివేసింది, కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో ఏఎల్‌టీ, బిలిరుబిన్ అధికంగా ఉన్నట్లు చూసిన పశువైద్యులు మొదట అడిగినది, ఏమి పెడుతున్నారని. అప్పటికి పరీక్షకు పంపడానికి గుప్పెడు గింజలైనా మిగలలేదు.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారసిటికస్ శిలీంధ్రాలు ఉత్పత్తి చేసే అఫ్లాటాక్సిన్ బి1 కాలేయంలోనే మరింత చురుకైన పదార్థంగా మారి అక్కడి కణాలను నశింపజేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించిన తరువాతనే ఈ విషాన్ని గుర్తించారు. అంతకు ముందే అమెరికా దక్షిణ రాష్ట్రాలలో కుక్కలకు సోకిన 'హెపటైటిస్ ఎక్స్' కూడా ఇదేనని అనంతరం తేలింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారిలో 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీనిని పరిశీలించారు. ఆ ఇళ్లలోని కుక్కలకు కూడా కామెర్లు, జలోదరం వచ్చాయి.

చిన్న కుక్కకు ముప్పు ఎక్కువ. విశ్రాంతి స్థితిలో నాలుగు కిలోల కుక్కకు రోజుకు సుమారు 198 కిలో కేలరీలు, 32 కిలోల కుక్కకు సుమారు 942 కిలో కేలరీలు అవసరం. బరువు ఎనిమిది రెట్లు పెరిగినా ఆహారం ఐదు రెట్లయినా పెరగదు. ఒకే దాణా తిన్నప్పుడు కిలో శరీర బరువుకు చిన్న కుక్కకు చేరే విషం సుమారు 1.7 రెట్లు. పెంపుడు జంతువుల ఆహారంలో అమెరికా అనుమతించే పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు మాత్రమే.

ప్రతి కాలేయ వ్యాధికీ గింజలే కారణమనుకోరాదు. యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ వంటి జాతులలో రక్తం కాలేయాన్ని తప్పించుకొని పోయే పుట్టుకతో వచ్చిన లోపం ఉండవచ్చు. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కూడా కామెర్లు తెస్తుంది. నిర్ధారణ పశువైద్యుని పని. అఫ్లాటాక్సిన్‌కు విరుగుడు మందు లేదు. అనుమానిత ఆహారాన్ని వెంటనే ఆపాలి. చిన్న కుక్కలలో రక్తంలోని గ్లూకోజు త్వరగా పడిపోతుంది కనుక మెత్తని ఆహారాన్ని రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా ఇవ్వాలి. తల గోడకు ఆనించడం, గుండ్రంగా తిరగడం వంటి మెదడు సంబంధ లక్షణాలు లేనంతవరకు మాంసకృత్తులను తగ్గించనవసరం లేదు. చాలామంది ఈ విషయంలో పొరపడి కుక్కను మరింత నీరసింపజేస్తారు. పారాసిటమాల్ ఇవ్వరాదు. మిగిలిన కణాలు ఆరోగ్యంగా ఉంటే కాలేయం తిరిగి పెరుగుతుంది. మా కుక్క తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది.

విస్తరణ సిబ్బంది రైతుకు చెప్పవలసినది కోతకు ముందే మొదలవుతుంది. కాయ ఊరే దశలో బెట్ట, పురుగు తొలిచిన కాయలు, తడిసిన కుప్పలు బూజుకు దారి తీస్తాయి. కాయలలో తేమ 8 శాతానికి, మొక్కజొన్న గింజలలో 12 శాతానికి తగ్గేవరకు ఎండబెట్టాలి. ఉడికించినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. ఏరివేసిన గింజలను పాడి పశువుకు వేస్తే విషం ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది కనుక వాటిని ఏ జంతువుకూ పెట్టరాదు. ఇంట దాణా తయారు చేసుకొనేవారు ప్రతి విడత నుండి అరకిలో నమూనాను తేదీ వ్రాసి పొడి డబ్బాలో భద్రపరచాలి.